పెన్న దాటిన పాట

మాది కోవూరు. ఈ పేరు వినగానే సంగీతము తెలిసినవారు కొందరు, "త్యాగయ్యగారు పంచరత్నములు పాడిన కోవూరేనా?" అని యడుగుచుందురు. కాదు, సోదరీమణులారా! ఆ కోవూరు చెన్నపట్టణము చెంతనున్నది. అచ్చటి సుందరేశ్వరస్వామిపై త్యాగయ్యగారు అయిదు కృతులు రచించిరి. మాది నెల్లూరుసీమ కోవూరు. పినాకినికి ఉత్తరపు గట్టున, వరిచేల నడుమ, కలకత్తానుండి చెన్నపట్టణమునకు పోవు రాజమార్గము ప్రక్కనున్న యూరు. మొలగొలుకులకు పేరుపడిన నేల యిది. నదికి ఆవలి గట్టున నెల్లూరు. మా ధాన్యము, మా పాలు, మా పిల్లల పైచదువులు, మా రోగములు, అన్నియు వంతెన దాటి నెల్లూరికే పోవును. కాపురమునకు వచ్చినది మొదలు ఆ వంతెనను ఎన్ని వందలమారులు దాటితిమో లెక్కలేదు. కాని క్రిందటి జ్యేష్ఠమాసమున దాటిన దాటుడు వేరు. అది చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పెద్దమ్మాయికి పండ్రెండవ యేడు. మావారు బడిపంతులు గనుక దాని చదువునకు లోటు రానీయరు. మాకు బడిచదువు తక్కువ. మా నాయనగారు మమ్ము ఇంటనే కూర్చుండబెట్టుకొని అమరము, భారతము, భాగవతము చెప్పిరి. పద్యమును రాగయుక్తముగా, అక్షరమక్షరము వినబడునట్లు చదివిననేగాని పుట త్రిప్పనిచ్చెడివారు కారు. అట్లు నేర్చినను మేము నలుగురి యెదుట పాడినది లేదు. పొయ్యియొద్ద, పెరటిలో, ఉయ్యాలయొద్ద పాడుకొనుటయే. ఆ పాడుకొనుటనే విని మా పిల్ల నేర్చుకొన్నది. మేము నేర్పుచున్నామని మాకును తెలియదు, తాను నేర్చుచున్నానని దానికిని తెలియదు.

సంక్రాంతి దినములలో ఒకచోట పిల్లల పాటల పోటీ జరిగినది. మా పిల్లయు పాడినది. బహుమతి రాలేదు, అందుకు చింత లేదు. కాని న్యాయనిర్ణేతగా కూర్చున్న పెద్దమనిషి యొకరు అందరు వినుచుండగా, "గొంతు బాగుందమ్మా. కాని మాటలో పల్లెటూరి యాస ఉంది. ఈ యాసతో పైకి పోతే నవ్వుతారు" అనిరి. ఆయన మేలుకోరియే అనిరేమో! పిల్ల నవ్వుచునే వేదిక దిగివచ్చెను. ఆ రాత్రినుండి పాడుట మానివేసెను. ఏమే యనిన తలనొప్పి యనును, హోంవర్కు ఉన్నదనును. మేము వంటయింట పద్యమెత్తినచో లేచి అవతలికి పోవును. అయిదు నెలలు మా యింట పాట లేదు.

పిల్ల జబ్బుపడినచో వైద్యుని యొద్దకు గొనిపోవుదుము. పిల్ల పాట మానినచో ఎవరి యొద్దకు పోవలెను? తప్పు దానిదా, వినినవారిదా, పాడుకొనుచు నేర్పిన మాదా యని రాత్రులందు ఆలోచించుచుంటిమి. మావారు, "మంచిదేలే, చదువుకోనీ. పాట కూడు పెడుతుందా?" అనిరి. అది కఠినముగా అనినమాట కాదు. ఎందరో పిల్లల ఆశలు మొలకెత్తుటయు వాడిపోవుటయు బడిలో కన్నులార చూచినవారు గనుక అట్లనిరి. కాని కొన్నిదినములకు ఆయనయే, "నెల్లూరు సంగీత పాఠశాలలో పిల్లలను చేర్చుకొంటున్నారట. తీసుకొనిపో. పోయేదారిలో తిప్పరాజువారి వీధి చూపించు" అనిరి. ఆ వీధి పేరెందుకు చెప్పిరో మాకు వెంటనే తెలిసినది.

మాకు వీలుపడిన దినము అష్టమి అయినది. మా అత్తగారు గడపలోనే అడ్డగించి, "అష్టమినాడు విద్యకు ఎట్టా పోతారే? రేపు నవమి, ఎల్లుండి దశమి, దశమినాడు పోరాదా?" అనిరి. దశమి ఆదివారమగుటచే పాఠశాల తెరువరని చెప్పితిమి. ఆమె క్షణకాలము ఊరకుండి, లోనికి పోయి బెల్లపుముక్క తెచ్చి మనుమరాలి నోటబెట్టి, "సరే, పోయిరా తల్లీ. పాటకు తిథేంది" అనిరి. ఆ మాటయే మాకు ముహూర్తబలమైనది.

ఆటోలో బయలుదేరితిమి. పడుగుపాడు రైలుస్టేషను దాటిన కొంతసేపటికి నది కనబడును. కన్నడసీమలో నందికొండల ప్రాంతమున పుట్టి, రాయలసీమ రాళ్లలో ఎండియెండి వచ్చెడి యీ పెన్న వేసవియందు సగము నీరు, సగము ఇసుక. 2022 సెప్టెంబరు 6న నెల్లూరి యొద్దను సంగము నొద్దను క్రొత్త బారేజీలు తెరచినది మొదలు ఈ భాగమున నీరు నిలుచుచున్నది. ఆవలి గట్టున రంగనాయకస్వామి గాలిగోపురము కనబడగానే మా పిల్ల చేతులు జోడించెను. ఈ యొడ్డుననే కదా 13వ శతాబ్దమున మనుమసిద్ధి మంత్రి తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు తెనిగించినది! "ఆయనది ఏ యాసే?" అని మేము పిల్లను అడుగబోయి ఊరకుంటిమి. గాయము మానకముందే కదలించుట తగదనిపించెను.

తిప్పరాజువారి వీధి పాత నెల్లూరిలోనిది. సందడి బజారునుండి ప్రక్కకు తిరిగినంతనే గొంతు తగ్గించి మాటలాడవలె ననిపించెడి వీధి. అచ్చటనే శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తిగారి కుటుంబము కాపురముండిన యిల్లున్నది. సాంబమూర్తిగారు హరికథలు చెప్పెడివారు. వారి కుమారుడే దేశమెరిగిన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు. ఇప్పుడా యింట గృహస్థులు లేరు. 2020 ఫిబ్రవరిలో బాలసుబ్రహ్మణ్యముగారు ఆ యింటిని వేదపాఠశాల నిమిత్తము కంచి కామకోటి పీఠమునకు సమర్పించిరి. పీఠాధిపతులు విజయేంద్ర సరస్వతీస్వామివారు నెల్లూరికి వచ్చి స్వీకరించిరి. తరువాత ఎనిమిది నెలలైనను గడువకమున్నే, ఆ యేడు సెప్టెంబరు 25న, చెన్నపట్టణమున ఆయన పరమపదించిరి.

వేదఘోష వినవచ్చునని ఆశించి వీధిలో నిలుచుంటిమి. ఏమియు వినరాలేదు. ప్రక్కయింటి అరుగుమీద బియ్యము ఏరుకొనుచున్న ఒక ముసలమ్మ, "ఎవరు కావాలమ్మా?" అని యడిగెను. మేము వచ్చిన పని చెప్పగా, "బాలు ఇల్లు అదే. ఇయ్యాల అష్టమి గదా, చదువు లేదు. పిలకాయలకు సెలవ" అనెను. అనధ్యయనమను మాట మాకు తెలిసియు మరచితిమి. మా అత్తగారి మాట ఒకవిధముగా నెగ్గినది! పిల్ల ముఖమున చిన్న నవ్వు మెదలినది. పాట వినుటకు వచ్చి మౌనము వింటిమి. ఆ మౌనములోనే పిల్లకు ఆ యింటి కథ చెప్పితిమి. సోదరీమణులకును అదియే చెప్పుచున్నాము.

బాలసుబ్రహ్మణ్యముగారు 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో జన్మించిరి. ఆ యూరిప్పుడు తమిళనాట తిరువళ్ళూరు జిల్లాలోనున్నది. బాల్యమంతయు ఒకచోట గడచినది కాదు. నగరిలో మేనమామగారి యింట కొంతకాలము, శ్రీకాళహస్తిలో కొంతకాలము, తిరుపతిలో కొంతకాలము. సంగీతమునకు గురువు చెంత కూర్చుండి నేర్చినది లేదు. తండ్రి పాడుచుండగా విని, హార్మోనియము మెట్లు తానే వెదకుకొని నేర్చిరి. తండ్రికి మాత్రము కొడుకును ఇంజనీరుగా చూడవలెనని కోరిక. మావారివంటి తండ్రులు ఎల్లకాలములందును ఉన్నారు!

ఇచ్చట హరికథను గూర్చి ఒకమాట చెప్పక తీరదు. నేటి పిల్లలలో పలువురు దానిని చూచియుండరు. దాసుగారు మెడలో పూలదండ, కాలికి గజ్జెలు, చేత చిరుతలు ధరించి రాత్రి ప్రొద్దుపోవువరకు నిలువుకాళ్లపై కథ చెప్పవలెను. ప్రక్కన మృదంగము, ఫిడేలు లేక హార్మోనియము. రాముడును తానే, రావణుడును తానే, సీతయు తానే. పద్యము పాడి, కీర్తన పాడి, వచనము చెప్పి, నడుమ నవ్వులకథ యొకటి చెప్పి, మరల కన్నీరు తెప్పింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, పందిరి చివర పిల్లను ఒడిలో పండబెట్టుకొని కూర్చున్న అవ్వకును మాట మాట అందవలెను. రాగము ఎంత గొప్పదైనను అక్షరము మ్రింగినచో కథ నిలువదు. అట్టి కళ అన్నముపెట్టిన యింట పెరిగినవానికి, పాట యనగా మాటకు రెక్కలు తొడుగుట యని వేరుగ చెప్పవలెనా?

తరువాతి కాలమున ఆయన ఏ నటునకు పాడిన ఆ నటుడే పాడుచున్నాడా యనిపించుటకు మూలమిదియే యని మా నమ్మకము. కమల్‌హాసన్ తమిళ చిత్రములు తెలుగున మాటలాడినప్పుడు పలుమారులు ఆ గొంతు ఈయనదే. 1997లో వచ్చిన అన్నమయ్య చిత్రమున వేంకటేశ్వరుడై నిలిచినది సుమన్‌గారు, పలికినది బాలసుబ్రహ్మణ్యముగారు. ఒక్కగొంతుతో పదిమందియగుట హరికథకుని విద్య.

ఇంతటివానికిని చిన్నయూరి పోటీ తప్పలేదు, చేదును తప్పలేదు. గూడూరిలో జరిగిన పోటీ యొకదానిలో ఆయనకు రెండవ బహుమతి యిచ్చిరి. అతిథిగా వచ్చిన గాయని ఎస్. జానకిగారు ఆ నిర్ణయమునకు ఒప్పుకొనక, మొదటి బహుమతి కీ కుర్రవాడే తగునని వేదికమీదనే చెప్పి, సినిమాలలో ప్రయత్నింపుమని ఆయనకు ధైర్యము చెప్పిరి. ఈ మాట వినగానే మా పిల్ల తలయెత్తి, "రెండో బహుమతా?" అనెను. అయిదు నెలలలో పాటనుగూర్చి అది తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న యదియే.

అనంతపురమున ఇంజనీరింగు చదువబోయి, జ్వరముచే మానుకొని, మరల చదువుకొరకే ఆయన మద్రాసు చేరిరి. అచ్చట తెలుగువారు జరిపిన యొక పోటీలో సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణిగారు ఆయన పాట వినిరి. ఆయన చలువవలననే 1966 డిసెంబరు 15న శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న చిత్రమునకు మొదటిపాట పాడుట తటస్థించెను. ఆ మేలు మరువక, తాను కట్టించిన రికార్డింగు శాలకు బాలసుబ్రహ్మణ్యముగారు కోదండపాణి పేరే పెట్టిరి. 1969లో తమిళమున ఎం.జి. రామచంద్రన్‌గారి చిత్రము అడిమైప్పెణ్‌లో పాడవలసియుండగా టైఫాయిడు వచ్చెను. వేరొకరిచే పాడించుకొనుట ఎంతసేపు? కాని రామచంద్రన్‌గారు ఆయన కోలుకొనువరకు వేచియుండి, ఆయనచేతనే పాడించుకొనిరి. ఆ దినములలోనే ఆయన కచేరీ బృందమున వాద్యములు వాయించుచుండిన పల్లెటూరి సోదరులలో ఒకరు తరువాత సంగీత దర్శకులైన ఇళయరాజాగారు. పట్టణమెరుగని ఊళ్లనుండి వచ్చినవారు ఒకరి నొకరు ఆనుకొని పైకి వచ్చుట యిట్లుండును.

ఇక యాస సంగతి. 1981లో కె. బాలచందర్‌గారు ఏక్ దూజే కే లియే అను హిందీ చిత్రము తీయుచు బాలసుబ్రహ్మణ్యముగారిచే పాడింపదలచిరి. సంగీత దర్శకులు లక్ష్మీకాంత్ ప్యారేలాల్‌గారలు సందేహించిరి. దక్షిణాదివాని నాలుకపై హిందీ ఎట్లు నిలుచునని వారి భయము. దానికి బాలచందర్‌గారు, "కథలోని కుర్రవాడును దక్షిణాదివాడే గదా! అతని హిందీలో మన ధోరణి కనబడినచో తప్పేమి? అదియే నిజము" అను భావముతో సమాధానము చెప్పిరట. పాడించిరి. ఆ పాటకే ఆయనకు హిందీభాషలో జాతీయ పురస్కారము వచ్చెను. నవ్వుదురని భయపడిన దేశము చెవియొగ్గి వినినది.

అంతమాత్రమున ఆయన నాలుకను గాలికి వదలిరని యెవరును తలపవలదు. ఏ భాషపాట యైనను తన చేవ్రాతతో తెలుగు లిపిలో వ్రాసుకొని, ఒత్తు ఎచ్చటనో, దీర్ఘమెచ్చటనో తెలిసికొని పాడెడివారు. శంకరాభరణము చిత్రమునకు శాస్త్రీయ కీర్తనలు పాడవలసినప్పుడు సంగీతము గురుముఖమున నేర్వని తానెట్లు పాడుదునని వెనుదీసిరి. కె.వి. మహదేవన్‌గారును, ఆయన సహాయకులు పుహళేందిగారును ఓర్పుతో సాధన చేయించిరి. 1979 సంవత్సరపు జాతీయ పురస్కారము ఆ చిత్రమునకే లభించినది. ఆపై ఏక్ దూజే కే లియే, 1983లో సాగరసంగమము, 1988లో రుద్రవీణ, 1995లో కన్నడమున పంచాక్షర గవాయిగారి చరిత్రము, 1996 సంవత్సరమునకు తమిళమున మిన్సార కనవు: మొత్తము ఆరు జాతీయ పురస్కారములు, నాలుగు భాషలలో. 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్, మరణానంతరము 2021లో పద్మవిభూషణ్. 1996లో మొదలైన పాడుతా తీయగా కార్యక్రమమున పిల్లలు ఒక ఒత్తు జారవిడిచినను మెత్తగా మందలించి దిద్దెడివారని చూచినవారందరికిని తెలియును. దిద్దుట వేరు, నవ్వుట వేరు. ఆ భేదము తెలిసినవాడే గురువు.

ఇట్లు చెప్పుచుండగా మాకు వేరొక యాలోచన కలిగెను. విజయనగరమునుండియు గొప్ప గాయకులు వచ్చిరి. అచ్చట రాజుగారుండిరి. 1919లో సంగీత కళాశాల స్థాపించిరి; హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు, తరువాత ద్వారము వేంకటస్వామినాయుడుగారు. ఘంటసాలగారు అచ్చట చదివిరి, పి. సుశీలగారు అచ్చట చదివిరి. రాజు తలచుకొనిన ఊరికి కళాశాల వచ్చును, కళాశాలనుండి గాయకులు వత్తురు. నెల్లూరికి అట్టి రాజు లేడు. మనుమసిద్ధి కాలము ఏనాడో గతించినది. ఇచ్చట గుడిమండపమును, వీధిపందిరియు, ఇంటి అరుగును తప్ప సంగీతమునకు వేరు చోటు లేదు. అయినను పాట పుట్టినది. పుట్టినదేగాని, బ్రతుకుటకు సుమారు 175 కిలోమీటర్ల దూరముననున్న మద్రాసుకు పోవలసివచ్చినది. మన యూళ్లు పిల్లలకు గొంతు ఇచ్చును, మాట యిచ్చును. అన్నము మాత్రము ఇయ్యలేకపోవుచున్నవి. ఎవరైన దేశమున గెలిచివచ్చిన తరువాత దండలు వేయుదుము. గెలువకమున్ను ఒక మంచిమాట చెప్పుట నేర్వవలసియున్నది.

ఆ యింటి స్త్రీలనుగూర్చియు చెప్పక విడువరాదు. తల్లి శకుంతలమ్మగారు కొడుకు దేశమంతయు తిరుగుచున్నను తాను నెల్లూరిని విడువక, 2019 ఫిబ్రవరిలో ఈ యూరిలోనే కన్నుమూసిరి. చెల్లెలు ఎస్.పి. శైలజగారును గాయనియే. సాగరసంగమములో ఆమె నర్తకిగా నటించిరి. అన్నగారికి జాతీయ పురస్కారము తెచ్చిన చిత్రముననే చెల్లెలు తెరపై నాట్యమాడెను. ఒకే యింట కొడుకునకు చెప్పిన "పాడు" అను మాటయే కూతునకును చెప్పిరన్నమాట. మన యిండ్లలో ఎన్నింట ఈ మాట కూతునకు చెప్పుదురు? మా నాయనగారు మాకు పదునెనిమిది పర్వములు చెప్పిరి, కాని సభలో పాడుమని యొకనాడును అనలేదు. వారిపై మాకు కోపము లేదు. ఆ మాట వారికి తోచలేదు. మాకు తోచినది గనుక మా పిల్లకు చెప్పుట మా విధి.

సంగీత పాఠశాలకు చేరునప్పటికి మధ్యాహ్నము దాటినది. గుమ్మముపై పేరు చదివి పిల్ల నిలిచిపోయెను. ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020 నవంబరులో బాలసుబ్రహ్మణ్యముగారి పేరు పెట్టిరి. "అమ్మా, ఆ ఇల్లు ఆయనదే, ఈ బడీ ఆయన పేరుదే" అని మెల్లగా అనెను. లోపల ఒకగదిలో వీణ శ్రుతి చేయుచున్నారు. వేరొకగదిలో చిన్నపిల్లలు తట్టుమెట్టులు వేయుచున్నారు. నాలుగేండ్ల సర్టిఫికెట్ చదువు, ఆపై రెండేండ్ల డిప్లొమా యని చెప్పిరి.

పాట చెప్పెడి యుపాధ్యాయిని యొకామె పిల్లను దగ్గరకు పిలిచి, "ఏదైనా పాడమ్మా, నీకిష్టమైంది" అనిరి. పిల్ల నేల చూచుచు నిలుచుండెను. మాకు గుండె కొట్టుకొనుచుండెను. ఒక నిమిషము గడచినది. "మాయమ్మా, పాడు" అని మేమనబోయి, ఆ యుపాధ్యాయిని కన్నుసైగతో వలదన, ఊరకుంటిమి. ఆమెకు తొందర లేదు. ఆమె కాగితములేవో సర్దుకొనుచు కూర్చుండెను.

అప్పుడు పిల్ల పాడినది. ఏ సినిమాపాటయో పాడునని తలచితిమి. కాదు, ఉద్యోగపర్వమున రాయబారమునకు పోవు కృష్ణునితో ద్రౌపది చెప్పుకొను పద్యము. మేము పొయ్యియొద్ద పాడుకొనెడిది. సభలో అవమానపడిన స్త్రీ పలుకు మాట. తిక్కనగారి మాట, తిక్కనగారి యూరిలో. మొదటి పాదమున గొంతు వణకెను. రెండవ పాదమున నిలిచెను. చివర ఊపిరి చాలక రాగము తెగిపోయెను.

ఉపాధ్యాయిని, "ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలీలేదు నీకు. అది మేము నేర్పిస్తాం. మాట బాగుంది. ఎవరు చెప్పారు?" అనిరి. "మా అమ్మ" అనెను పిల్ల. మేము ఆగలేక, "యాస ఉందని అన్నారండీ" అంటిమి. ఆమె మా వంక తిరిగి, "ఎవరి ఊరి మాట వాళ్లకుంటుంది గదమ్మా! మాట్లాడేటప్పుడు నాకూ ఉంది. పాటలో అక్షరం చెదరలేదు; అదే కావాల్సింది" అని, ప్రవేశపత్రము ముందుకు జరిపిరి. రుసుము మావంటివారికి బరువు కానిదే. వ్రాలుచేయునప్పుడు మా చేయి కొంచెము వణకినది. పిల్ల చూచినదేమో తెలియదు.

మరలి వచ్చునప్పుడు పెన్నమీద సాయంకాలపు గాలి. ఎండకు ఇసుక తెల్లగా, నిలిచిన నీరు నల్లగా కనబడుచున్నవి. పిల్ల చాలసేపు మాటలాడక, వంతెన నడుమకు వచ్చిన తరువాత, "అమ్మా, ఆయన కూడా ఇంట్లో 'ఏంది' అనే అనేవారా?" అని యడిగెను. "నెల్లూరమ్మ కన్నబిడ్డ, అనకుండ ఎట్లుండును?" అంటిమి. అది పకపక నవ్వెను. ఆటోవాడును వెనుకకు తిరిగి నవ్వెను.

సోదరీమణులారా! మా పిల్ల గొప్ప గాయని యగునని మేము చెప్పుట లేదు. ఆరు జాతీయ పురస్కారములు ప్రతియింటికిని రావు. వచ్చిన యొక్క యింటిని చూచి తక్కిన యిండ్లు పిల్లలను వేధించుటయు తగదు. వారమునకు కొన్ని దినములు వంతెన దాటించుట, చదువు చెడకుండ చూచుట, ఆటోఖర్చు, మావారి సందేహములు, అన్నియు ఇకముందున్నవి. మేము చెప్పునది ఒక్కటే. గొంతెత్తిన పిల్లకు మొదటిగా వినబడునది ఎవరి మాటయో, ఆ మాటతోనే అది పాడుటయో మానుటయో జరుగును. గూడూరి సభలో ఒక జానకిగారు లేచి మాటలాడిరి. మన వీధులలో మనమైన మాటలాడవలెను.

మా అత్తగారు గడపలోనే కూర్చుండి యెదురుచూచుచుండిరి. "అష్టమి ఏం చేసింది?" అని యడిగిరి. "బాలుగారి ఇంట్లో చదువు మాన్పించింది, మనింట్లో మొదలు పెట్టించింది" అనిరి మావారు, మేము చెప్పకమున్నే పిల్ల ముఖము చూచి.

మరునాడు తెల్లవారి పొయ్యి రాజేయుచు మేము అలవాటుగా ఆ పద్యమెత్తితిమి. మొదటి పాదము ముగించి పాలగిన్నె అందుకొనుచుండగా, రెండవ పాదము పెరటిలోనుండి వచ్చినది.